మబ్బుకు గీత ఉండదు

పదిహేనో శతాబ్దం తొలి దశకాల్లో, ఫ్లోరెన్స్ నగరంలో ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ ఒక చిన్న చెక్కపలక మీద ఆ ఊరి బాప్టిస్టరీ కట్టడాన్ని చిత్రించాడు. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా, గీతలన్నీ ఒక బిందువు వైపు పరుగెత్తేలా బొమ్మ వేసే లెక్కకు, ఇవాళ డ్రాయింగ్ మాస్టార్లు పర్‌స్పెక్టివ్ అని చెప్పేదానికి, అది తొలి నిదర్శనం. పలకకు ఒక కన్నం చేశాడు. పలక వెనక నిలబడి, ఆ కన్నంలోంచి చూస్తూ ఎదురుగా అద్దం పట్టుకుంటే బొమ్మ అద్దంలో కనబడుతుంది. అద్దం తీసేస్తే అసలు కట్టడం అదే చోట, అదే కొలతలో కనబడుతుంది. రాళ్లు, తలుపులు, గోడల మీది చారలు అన్నీ లెక్కకు లొంగాయి. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్కలవాడు కుంచె పక్కన పెట్టేశాడు. ఆకాశం ఉండవలసిన చోట మెరుగుపెట్టిన వెండి తాపడం చేశాడు. నిజమైన ఆకాశం అందులో ప్రతిఫలించింది. గాలికి కదిలే మబ్బులు బొమ్మలోనూ కదిలాయి. ఈ సంగతి అతని జీవితచరిత్ర రాసిన ఆంటోనియో మానెట్టి చెప్పాడు. ఆ పలక ఇప్పుడు లేదు.

మబ్బుకు ఇంతకంటే గొప్ప నమస్కారం చిత్రకళా చరిత్రలో మరొకటి లేదని నా అభిప్రాయం. గోడకు అంచు ఉంది, మూల ఉంది, కొలవవచ్చు. మబ్బుకు అంచెక్కడ? ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టేలోపు అది జరిగిపోతుంది. దాన్ని కొలవలేనని తెలుసుకున్న మనిషి ఆ చోటు ఖాళీగా వదిలేయలేదు, నీలం పూసి సరిపెట్టుకోనూ లేదు. ఆకాశాన్నే పిలిచి తన బొమ్మలో కూర్చోబెట్టాడు.

పిల్లలకు మబ్బుల గురించి చెప్పదలచుకున్న పెద్దలు మొదటి పాఠం ఇక్కడినుంచే ఎత్తుకోవాలి. ఎండ నేరుగా కళ్లలోకి కొట్టని వైపు చూసుకుని, బడి ఆవరణలో నేల మీద ఒక మామూలు అద్దాన్ని వెల్లకిలా పెట్టి, చుట్టూ నలుగురు పిల్లల్ని కూర్చోబెడితే చాలు. తలెత్తి చూస్తే హద్దు తెలియని ఆకాశం జానెడు చట్రంలోకి దిగివస్తుంది. కదలనట్టే కనిపించిన మబ్బు ఎంత వడిగా నడుస్తోందో అప్పుడు తెలుస్తుంది. అద్దం అంచుల మీద నాలుగు దిక్కులు రాసి పెడితే, అది ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. వాతావరణ శాస్త్రజ్ఞులు ఒకప్పుడు నల్లని అద్దాన్ని దిక్సూచితో కలిపి సరిగ్గా ఇందుకే వాడేవారు. దాని పేరు నెఫోస్కోప్. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ప్రకృతి దృశ్యాలు వేసేవాళ్లు కూడా నల్లద్దం ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవారు, క్లాడ్ గ్లాస్ అని. ఒకరికి కావలసింది వేగం, మరొకరికి కావలసింది వన్నె. వంగి చూసింది మాత్రం ఇద్దరూ ఒకలాంటి అద్దంలోకే.

మన పిల్లలకు ఇందులో అదనపు భాగ్యం ఉంది. వానాకాలంలో ఈ ద్వీపకల్పం మీద కింది మబ్బులు పడమటి నుంచి తూర్పుకు సాగుతాయి. వాటికి ఎంతో ఎత్తున, మంచు పలుకులతో అల్లుకున్న పల్చటి మబ్బులు తూర్పు నుంచి పడమటికి పోతాయి. కింద నైరుతి గాలి, పైన దానికి ఎదురు వీచే తూర్పు గాలి. కింది మబ్బుల మధ్య సందు దొరికిన రోజున ఆ రెండూ ఒకే అద్దంలో ఒకదాన్నొకటి దాటుకుపోతూ కనబడతాయి. నైరుతి రుతుపవనాల గురించి పుస్తకంలో ఎన్ని బాణం గుర్తులు వేసినా ఈ ఒక్క దృశ్యానికి సాటిరావు. ఆకాశం ఒకటే పొర కాదని, తలమీద అంతస్తులున్నాయని, ఒక్కో అంతస్తులో ఒక్కో గాలి కాపురముంటుందని కళ్లే చెబుతాయి.

ఇక మన డ్రాయింగ్ పుస్తకాల సంగతి. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, పైన నాలుగు అర్ధచంద్రాలు కలిపి మూసేసిన మబ్బు. ఆ మబ్బు లోపల తెలుపు, బయట నీలం, మధ్యలో నల్లటి గీత. తెలుగునాట ఏ బడికి వెళ్లినా ఇదే మబ్బు. సైన్సు పుస్తకంలో నీటి చక్రం బొమ్మ చూడండి, అక్కడా ఇదే: సముద్రం నుంచి పైకి బాణాలు, పైన ఒక సంచి, సంచి నుంచి కిందికి చుక్కలు. సైన్సు ఎగ్జిబిషన్ రోజున నీలం చార్టు మీద ఫెవికాల్‌తో దూది అతికిస్తారు. దూదిని నేను పూర్తిగా తీసిపారేయను. దానిలో ఒక సుగుణం ఉంది: గీత లేదు. కానీ అది పొడిగా పడి ఉంటుంది, ఎక్కడ అతికిస్తే అక్కడే రేపటికీ ఉంటుంది. మబ్బు స్వభావం ఈ రెండింటికీ విరుద్ధం.

గీత గీసిన క్షణాన మబ్బు వస్తువైపోతుంది. అది వస్తువు కాదు, జరుగుతున్న పని. నీటి ఆవిరి కంటికి కనబడదు. ఈ గదిలోనూ ఉంది, మీ ముక్కు ముందూ ఉంది. గాలి పైకి లేచిన కొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గుతుంది, అది వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. తడి చేరని గాలైతే కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల లెక్కన చల్లబడుతుంది. ఒక ఎత్తుకు చేరాక దానిలో ఉన్న ఆవిరి ఇక దాగలేదు. అక్కడ నీరు కనబడడం మొదలవుతుంది. అంచుల దగ్గర, ఎండిన గాలి తగిలిన చోట, మళ్లీ కనబడకుండా పోతుంది. అరగంటగా మనం చూస్తున్న మబ్బులో మొదట ఉన్న బిందువులు ఇప్పుడు లేవు, కొత్తవి వచ్చి ఆ రూపాన్ని నిలబెట్టాయి. అది నిలిచి ఉన్నదనుకోవడం మన కంటి మర్యాద.

దీన్ని చేతికి తెలియజెప్పడానికి ఒక పల్చటి ప్లాస్టిక్ సీసా సరిపోతుంది. అడుగున రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి మూత బిగించి, గట్టిగా నొక్కి వదలండి. పెద్దగా ఏమీ కనబడదు. ఇప్పుడు పెద్దవాళ్లెవరైనా అగ్గిపుల్ల గీసి, ఆర్పి, ఆ పొగను కాస్త సీసాలోకి పోనిచ్చి మళ్లీ మూత బిగించాలి. నొక్కినంతసేపూ లోపల తేటగా ఉంటుంది. చెయ్యి సడలించగానే సీసా నిండా తెల్లటి మబ్బు. మళ్లీ నొక్కితే లేదు, వదిలితే ఉంది. నొక్కితే పుట్టాలి కదా అని అందరికీ అనిపిస్తుంది, కానీ అది పుట్టేది వదిలినప్పుడు. నొక్కిన గాలి కాస్త వేడెక్కి ఆవిరిని దాచుకుంటుంది. వదిలిన గాలి వ్యాకోచించి, చల్లబడి, దాచుకున్నది బయట పెట్టేస్తుంది. ఆకాశంలో పైకి లేచే గాలికి జరిగేదీ అదే. పిల్లవాడి అరచేతిలో మబ్బు పుట్టి, గిట్టి, మళ్లీ పుడుతుంటే వాడి ముఖం చూడండి. ఆ ముఖం ముందు ఏ నిర్వచనమూ నిలవదు.

ఆ చిటికెడు పొగ ఎందుకు? మేఘసందేశం మొదట్లోనే కాళిదాసు మబ్బంటే పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన కూడిక అని తేల్చేసి, ఇలాంటిది సందేశం మోయగలదా అన్న సందేహం తనే లేవనెత్తుతాడు. నాలుగింటిలో పొగనే ముందు నిలబెట్టాడు. కాళిదాసుకు సూక్ష్మకణాల సిద్ధాంతం ముందే తెలుసని మనం డప్పు కొట్టుకోనక్కర్లేదు. యజ్ఞం వల్ల వాన అన్న పాత నమ్మకం ఆయన వెనక ఉంది. కానీ 1880లో జాన్ ఐట్కెన్ అనే స్కాట్లండు శాస్త్రవేత్త ప్రయోగం చేసి చెప్పిందీ పొగ, దుమ్ము సంగతే: గాలిలో పట్టుకోవడానికి ఒక రేణువంటూ లేకపోతే ఆవిరి బిందువు కావడం మహా కష్టం. సముద్రపు ఉప్పు, అడవి మంటల మసి, ఎడారి ధూళి, పొయ్యి పొగ, వీటిని పట్టుకునే మబ్బు నిలుస్తుంది. మహాకవి పద్యాన్ని సీసా పక్కన పెట్టి చెప్పే సైన్సు టీచరు ఉంటే ఆ తరగతిలో నేనూ వెనక బెంచీ మీద కూర్చుంటాను.

ఐట్కెన్ తర్వాత మరో స్కాట్లండువాడు. 1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ బెన్ నెవిస్ కొండ మీది వాతావరణ కేంద్రంలో కొన్ని రోజులు ఉన్నాడు. కొండ చుట్టూ కమ్మిన మంచు మీద ఎండ పడి, నీడల చుట్టూ రంగుల వలయాలు ఏర్పడడం చూశాడు. ఆ అందాన్ని గాజుపాత్రలో తిరిగి సృష్టించాలనిపించింది. అంతే, మొదట కోరింది అంతకు మించి కాదు. ఆ కోరికే క్లౌడ్ ఛాంబర్ అయింది. కంటికి అందని విద్యుత్కణాలు ఆ పాత్రలో తాము నడిచిన దారిని సన్నటి మబ్బుచారగా గీసి చూపించాయి. 1927లో నోబెల్ వచ్చింది. మబ్బు మీద మోజు పడినవాడు పరమాణువు గుట్టు దాకా వెళ్లాడు. అందం చూడడం వేరు, శాస్త్రం నేర్వడం వేరని టైంటేబుల్ వేసేవాళ్లు ఈ కథ ఒకసారి చదవాలి.

మబ్బులకు పేర్లు పెట్టినవాడు ల్యూక్ హోవర్డ్. లండన్‌లో మందులు తయారు చేసే వ్యాపారి, క్వేకర్ మతస్థుడు. 1783లో ఐస్‌లాండ్‌లో లాకి అగ్నిపర్వతం పేలి యూరప్ ఆకాశమంతా పొగమంచు పట్టిన వేసవిలో, ఆగస్టు 18 రాత్రి పెద్ద ఉల్క ఒకటి ఇంగ్లండు మీదుగా వెలుగుతూ పోయిన ఏడాదిలో, అతనికి పదేళ్లు. అలాంటి ఆకాశం కింద పెరిగిన పిల్లవాడు 1802 డిసెంబరులో ఒక చిన్న శాస్త్ర సంఘం ముందు నిలబడి మబ్బుల్లో ప్రధాన రూపాలు ఇవీ అని చెప్పాడు: కురుల పాయలా సాగేది సిర్రస్, కుప్ప పోసుకునేది క్యుములస్, పొరగా పరుచుకునేది స్ట్రాటస్, వాన కురిసేది నింబస్. అవి కలుస్తాయి, ఒకటి ఇంకొకటిగా మారుతుంది అన్నదే అతని అసలు మాట. అదే ఏడు ఫ్రాన్స్‌లో లామార్క్ కూడా మబ్బులకు పేర్లు పెట్టాడు కానీ అవి నిలవలేదు. హోవర్డ్ కుంచె పట్టినవాడు కూడా. తాను చెప్పే మబ్బుల్ని నీటిరంగుల్లో తానే వేసుకున్నాడు. జర్మనీలో మహాకవి గేటే ఇతని వర్గీకరణ చదివి పులకించి కవితలే రాశాడు.

ఆ గేటేయే 1816లో చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిఖ్‌ను హోవర్డ్ పద్ధతి ప్రకారం మబ్బుల బొమ్మలు వేయమని అడిగించాడు. ఫ్రీడ్రిఖ్ కాదన్నాడు. స్వేచ్ఛగా తిరిగే మబ్బుల్ని గళ్లలో బిగిస్తే ప్రకృతి చిత్రకళే నాశనమవుతుందని అతని భయం. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. క్యుములస్ అన్న మాట నోటికి వచ్చిన పిల్లవాడు తలెత్తి చూసి, పేరు చెప్పేసి, తల దించేసుకోవడం మనకు తెలియనిదా? పేరు చూపును తెరవాలి, దాన్నే పట్టుకుంటే చూపు మూసుకుపోతుంది. అయినా ఫ్రీడ్రిఖ్‌ది తొందరపాటు తీర్పే. ఆ సంగతి తేల్చినవాడు ఒక మరపట్టేవాడి కొడుకు.

జాన్ కాన్‌స్టబుల్ 1776లో ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రికి పిండిమరలు ఉండేవి. కుర్రతనంలో గాలిమరలో పని చేశాడు. గాలిమర నడిపేవాడికి ఆకాశం చూడడం కూటికి సంబంధించిన విద్య. పొంచి వచ్చే ఈదురుగాలిని ముందే పసిగట్టకపోతే మర రెక్కలు విరుగుతాయి. మృగశిర కార్తె ముందు పడమటి దిక్కు చూసే మన రైతు కన్నూ అలాంటిదే. ఆ కన్ను బొమ్మలోకి వచ్చింది. భార్య మరియా ఆరోగ్యం బాగుండక, లండన్ పొగకు దూరంగా హాంప్‌స్టెడ్ గుట్ట మీద ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. 1821, 1822 సంవత్సరాల్లో అక్కడి ఆరుబయట కూర్చుని కాగితం మీద తైలవర్ణాలతో ఆకాశాన్ని వేస్తూ పోయాడు. 1822లో తాను దాదాపు యాభై ఆకాశాలు వేసినట్టు మిత్రుడు ఫిషర్‌కు ఉత్తరం రాశాడు. చాలా వాటిలో నేల లేదు, ఇల్లు లేదు, మనిషి లేడు.

వాటిలో ఒకటి లండన్‌లోని రాయల్ అకాడమీ దగ్గర ఉంది. 1821 సెప్టెంబరు 11న వేసింది. కుడి పక్కన ఒక చెట్టు, మిగతా అంతా మబ్బు. వెండిబూడిద వన్నె మబ్బులు. వాటి సందుల్లోంచి కాగితానికి ముందే పూసిన వెచ్చని రంగు పైకి ఊపిరి పీలుస్తూ కనబడుతుంది. కుంచె ఎక్కడా మబ్బు చుట్టూ తిరగలేదు. మబ్బు లోపలినుంచి బయటికి నడిచి, ఓపిక అయిపోయిన చోట ఆగింది. ఆగిన ఆ చోటే అంచు. చూస్తున్నకొద్దీ ఒళ్లు చెమరుస్తుంది, అంత ఉక్క ఉంది ఆ బొమ్మలో. తడి రంగు మీదే తడి రంగు వేయడం వల్ల ఒక మబ్బు మరొకదానిలోకి ఎక్కడ పోయిందో చెప్పలేం. గంటలో ముగించవలసిన పని, ఎందుకంటే గంట దాటితే ఎదుట ఉన్నది వేరే ఆకాశం. ఆ తొందర ఎక్కడా తొందరగా కనబడకపోవడమే ఆ చేతి గొప్ప.

ఇప్పుడు కాగితం తిప్పి చూడాలి. వెనక అతనే రాసుకున్నాడు: ఊరు, తేదీ, ఉదయం పది నుంచి పదకొండు, సూర్యుడు ఉన్న వైపు, మబ్బుల వన్నె, ఉక్కపోత, నైరుతి వైపు పిల్లగాలి, పగలంతా బాగానే ఉంది, ఆ రాత్రి మాత్రం వాన. చివరి ముక్క దగ్గర నేను ఆగిపోతాను. రాత్రి వాన సంగతి ఉదయం పదకొండింటికి ఎవరికీ తెలియదు. అంటే బొమ్మ ముగించిన మనిషి ఆ తర్వాత మళ్లీ ఆ కాగితాన్ని తీసి, తిరగేసి, ఆ మబ్బు చివరికి ఏమయిందో రాశాడు. తాను వేసిన ముఖం గతి కనుక్కున్నాడు. రంగు ఒకవైపు, లెక్క ఒకవైపు, మధ్యలో ఉన్నది ఒకే కాగితం. విద్య అంటే నాకు ఇంతకు మించిన బొమ్మ కనబడదు. జాన్ థోర్న్స్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు ఈ ఆకాశాలను నాటి లండన్ వాతావరణ రికార్డులతో పోల్చి చూసి 1999లో ఒక పుస్తకమే రాశాడు.

కాన్‌స్టబుల్‌కు హోవర్డ్ పేర్లు తెలుసు. ఆ వర్గీకరణ ఉన్న థామస్ ఫార్‌స్టర్ పుస్తకాన్ని మార్జిన్లలో వాదిస్తూ చదివాడు. ఒక బొమ్మ వెనక సిర్రస్ అన్న ఒక్క మాటా కనబడుతుంది. అయినా ఏ రెండు ఆకాశాలూ ఒకలా లేవు. ఫ్రీడ్రిఖ్ భయపడిన గళ్లు అతని కుంచెకు అడ్డు రాలేదు. 1836లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసిస్తూ చిత్రకళను ప్రకృతి నియమాలను శోధించే శాస్త్రంగా చూడాలని, బొమ్మలను ఆ శాస్త్రపు ప్రయోగాలుగా ఎందుకు ఎంచకూడదని అడిగాడు. అడిగే హక్కు ఉన్నవాడు అడిగాడు. అన్నట్టు, పుట్టుకతోనే అన్నీ వచ్చేశాయని అనుకోకండి. ఈటన్ బడిలో డ్రాయింగ్ చెప్పిన అలెగ్జాండర్ కోజెన్స్ అచ్చు వేయించిన ఆకాశాల నమూనాలను కాన్‌స్టబుల్ బుద్ధిగా కూర్చుని ఒక్కొక్కటీ నకలు దించాడు. నకలు దించడం తప్పని ఈమధ్య ఒక వేదాంతం బయల్దేరింది. నకలు దించి ఆరుబయటికి పోవాలి, అంతే.

శాస్త్రానికీ చాలాకాలం చిత్రకారుడు కావలసివచ్చాడు. 1890లో హిల్డెబ్రాండ్‌సన్, కొప్పెన్, నోయ్‌మాయర్ అనే శాస్త్రజ్ఞులు తెచ్చిన మబ్బుల అట్లాస్‌లో మబ్బు రకాలను చూపడానికి తైలవర్ణ చిత్రాలనే రంగుల్లో అచ్చు వేశారు. నాటి ఫొటోలు నలుపు తెలుపు, ఆకాశపు నీలానికీ మబ్బు తెలుపుకూ తేడా సరిగా పట్టలేకపోయేవి. 1896లో వచ్చిన మొదటి అంతర్జాతీయ అట్లాస్‌లో ఫొటోల పక్కన చిత్రాలూ ఉన్నాయి. ఇవాళ ఉపగ్రహాలు పైనుంచి తీస్తున్నా, నాసా తన గ్లోబ్ కార్యక్రమంలో పిల్లలు నేల మీద నుంచి చూసి పంపే మబ్బుల వివరాలను వాటితో పోల్చి చూస్తోంది. పైనుంచి చూసే యంత్రానికి కొన్నిసార్లు మబ్బు అడుగు కనబడదు, కింద నిలబడిన పిల్లకు కనబడుతుంది.

ఆ అడుగు దగ్గరే సైన్సు, బొమ్మ చేతులు కలుపుతాయి. మధ్యాహ్నపు పొలాల మీద తేలే కుప్పమబ్బును చూడండి. పైన బుడిపెలు, అడుగు చదును. గీటు పెట్టి కోసినట్టుంటుంది. మన పిల్లలు వేసే మబ్బు కిందా పైనా ఒకేలా గుండ్రం. చదును ఎందుకు? ఆ ప్రాంతపు గాలి అంతా దాదాపు ఒకే తేమ, ఒకే వేడి కలది కనుక ఒకే ఎత్తులో ఆవిరి బిందువవుతుంది. ఆ కంటికి కనబడని ఎత్తు మీద మబ్బులన్నీ వరసగా కూర్చుంటాయి. ఇది తెలిసిన పిల్ల బొమ్మలో మబ్బుల అడుగులు ఒక తలాన్ని పంచుకుంటాయి. ఇక దూరం దానంతట అదే పుడుతుంది: తలమీది మబ్బు అడుగు వెడల్పుగా, దూరానివి సన్నబడుతూ, దగ్గర దగ్గరగా జరుగుతూ, దిక్చక్రం దగ్గర చారలైపోతాయి. బ్రూనెల్లెస్కీ చేతులెత్తేసిన చోట పర్‌స్పెక్టివ్ ఇలా మరో దారిన వచ్చింది. కళావిమర్శకుడు రస్కిన్ 1860లో మోడర్న్ పెయింటర్స్ చివరి సంపుటంలో మబ్బుల పర్‌స్పెక్టివ్‌కు గీతల పటాలే గీసి చూపించాడు.

నీడ మాటా అంతే. బిందువు విడిగా గాజులా తేటగా ఉంటుంది. కోట్లాది బిందువులు అన్ని రంగుల వెలుగునూ సమంగా చెదరగొట్టడం వల్ల మబ్బు తెలుపు. మందం పెరిగిన కొద్దీ వెలుగు అడుగుకు చేరదు, అక్కడ బూడిద, నీలం, నలుపు. నల్లమబ్బులో నల్లరంగు లేదు, మన మీద పడుతున్న నీడ ఉంది. కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఒక మామూలు కుప్పమబ్బులో నీరు సుమారు 500 టన్నులు ఉంటుంది. అంత బరువు ఎలా తేలుతుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ నీరంతా మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంతకంటే చిన్న బిందువులుగా చీలి ఉంది. ఒక్కొక్కటి సెకనుకు ఇంచుమించు సెంటీమీటరు కంటే ఎక్కువ దిగదు, కింది నుంచి లేచే గాలి దాన్ని దిగనివ్వదు. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు ఒకటి కావాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి. ఈ లెక్క తెలిశాక కుంచె పట్టే చెయ్యి మారుతుంది. అడుగున రంగు చిక్కబడుతుంది, మబ్బుకు బరువు వస్తుంది.

రంగుల పెట్టెలో తెల్లబిళ్లను కొన్నాళ్లు దాచేయండి. మబ్బు తెలుపు కాగితంలోనే ఉంది, దాన్ని వదిలిపెట్టడం నేర్పాలి. కాగితాన్ని తడిపి, చుట్టూ నీలం వదిలితే అది తనంతట తాను పాకి ఆగిన చోట అంచు ఏర్పడుతుంది, గీత లేని అంచు. తడి ఆరకముందు నలిపిన గుడ్డపీలికతో అద్ది తీస్తే కుప్పమబ్బు లేస్తుంది. పొరమబ్బుకు కాగితమంతా తడి కావాలి. సిర్రస్‌కు దాదాపు ఎండిన కుంచెతో ఒక్క విదిలింపు చాలు, మంచు పలుకుల మబ్బుకు పొడి కుంచె తగినదే. బూడిద వన్నెకు నలుపు ముట్టుకోకుండా అల్ట్రామెరైన్ నీలంలో కాస్త కావిరంగు కలపమనండి. ఆరేటప్పుడు ఆ నీలపు రేణువులు కాగితపు గుంటల్లోకి దిగి నలకలు నలకలుగా నిలుస్తాయి. ఇక్కడ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆకాశంలో రేణువు నీటిని పట్టుకుంటుంది. కాగితం మీద నీరు రేణువును మోసుకొచ్చి, దింపి, తాను వెళ్లిపోతుంది. ఎక్కడికి? గాలిలోకి, మరో మబ్బు కావడానికి. మబ్బు బొమ్మ ఆరడం కూడా మబ్బు కథలో ఒక భాగమే. ఈ ఒక్క మాట అర్థమైన పిల్లకు నీటి చక్రం పటం మళ్లీ గీయించనక్కర్లేదు.

గీతను నీటిలో కరిగించే విద్య మన పక్కకూ వచ్చింది. 1903లో యొకోయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ల తడిపూత చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ తన వాష్ పద్ధతిని తీర్చుకున్నాడు: రంగు వేసి, బొమ్మను నీటిలో ముంచి, ఆరనిచ్చి, మళ్లీ వేసి, మళ్లీ ముంచి. ఆ బెంగాల్ సంప్రదాయాన్ని ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చాడు, అక్కడ అడివి బాపిరాజు దాన్ని నేర్చాడు. సముద్రం పక్క ఊళ్లో, ఉప్పుగాలిలో, నీటిలో ముంచిన బొమ్మలు ఆరుతున్న ఆ గదులు ఒకసారి తలచుకోండి. మన బడుల్లో ఆ పాఠం ఎప్పుడు జారిపోయిందో గాని జారిపోయింది.

పిల్లలు వేసే మబ్బులు అందంగా రావని చాలామంది ఉపాధ్యాయులు ఈ పనికి వెనకాడతారు. నిజమే, చాలావరకు రావు. నీలం ముద్దై పోతుంది, కాగితం అలలు తేలుతుంది, ఒక మబ్బు పక్కవాడి మోచేతికి అంటుకుంటుంది. అయినా ఆ ముద్దలో చూపు ఉంది. ఒక్క అరగంట ఎవరూ చెప్పకుండా తలెత్తి చూసి, మారిపోతున్న దానిలో ఏది ఉంచాలో ఏది వదలాలో తానే తేల్చుకున్న పిల్ల చేసిన ముద్ద అది. నాలుగు అర్ధచంద్రాల శుభ్రమైన మబ్బుకు పదికి పది వేసి, దీనికి నాలుగు వేస్తే మనకు చూడడం రాదన్నమాట.

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. నైరుతి కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది. సైన్సు టీచరు, డ్రాయింగ్ టీచరు ఇద్దరూ ఉన్న బడిలో వారానికి ఒక్క పీరియడు కలిపి తీసుకోండి. డ్రాయింగ్ టీచరు లేని బళ్లే ఎక్కువ కనుక, అక్కడ సైన్సు టీచరే ఆరు రంగుబిళ్లలు కొనుక్కోండి. పిల్లల్ని బయటికి తీసుకెళ్లి, పెన్సిలు ముట్టనివ్వకుండా, కుంచెతోనే మబ్బు వేయించండి. మార్కులు వేయకండి. వెనక తేదీ, వేళ, గాలి దిక్కు రాయించండి. మర్నాడు ఆ కాగితాలు మళ్లీ పంచిపెట్టి, రాత్రి వాన పడిందో లేదో వాళ్ల చేతనే రాయించండి.